మా పిల్లికి ఎఫ్ఐవీ ఉందని తేలింది, ఇంట్లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మా బంటికి సుమారు ఐదేళ్లు. మగపిల్లి. ఏడాదిన్నర వయసులో వీధిలోంచి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయాడు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు, రాత్రుళ్లు బయట తిరిగొస్తాడు. నెల కిందట చెంప మీద గడ్డ లేచి చీము పట్టింది. డాక్టరు గారు గడ్డ కోసి కట్టు కట్టారు, కట్టు విప్పే రోజున రక్తపరీక్ష చేశారు. ల్యుకేమియా వైరస్ నెగెటివ్, ఎఫ్ఐవీ అనే వైరస్ పాజిటివ్ అని, దాన్నే పిల్లుల ఎయిడ్స్ అంటారని చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ మనసు మనసులో లేదు. నాలుగేళ్ల బాబున్నాడు. కడుపుతో ఉన్న మా వదిన మాతోనే ఉంటోంది. చిట్టి అని ఇంకో ఆడపిల్లి ఉంది, దానికి ఆపరేషన్ అయింది, ఇద్దరూ కలిసే పడుకుంటారు. మూడు రోజులుగా బంటిని సామాన్ల గదిలో పెట్టి తలుపేశాం. రాత్రంతా తలుపు గీకుతున్నాడు. ఇంజెక్షన్ ఇప్పించి బాధ లేకుండా పంపేయమని అత్తగారు అంటున్నారు. మాకేం తోచడం లేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: ముందు ఆ తలుపు తీయండి తల్లీ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. బంటి వల్ల మీ బాబుకు గానీ, మీ వదినకు గానీ, ఆవిడ కడుపులో బిడ్డకు గానీ ఎఫ్ఐవీ రాదు. రాకపోవచ్చు అనడం లేదు, రాదు అంటున్నాను. ఈ వైరస్‌ను కనుక్కున్నది 1986లో. అప్పటి నుంచి ఇప్పటిదాకా పిల్లుల డాక్టర్లు, వాటిని సాకేవాళ్లు, షెల్టర్లలో పనిచేసేవాళ్లు ఎంతమంది ఈ పిల్లుల చేత కరిపించుకున్నారో, రక్కించుకున్నారో లెక్కే లేదు. ఒక్క మనిషికి కూడా ఇది సోకిన దాఖలా లేదు. కుక్కలకూ రాదు. పిల్లి జాతికే పరిమితమైన జబ్బు ఇది.

అంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నా దగ్గరికి వచ్చిన ఎఫ్ఐవీ పిల్లుల్లో జబ్బు వల్ల కంటే ఆ పేరు వల్ల నష్టపోయినవే ఎక్కువ. "ఎయిడ్స్" అన్న మాట చెవిన పడగానే ఇంటి వాతావరణమే మారిపోతుంది. నిన్నటిదాకా ఒళ్లో పడుకున్న పిల్లిని ఇవాళ కర్రతో పక్కకు తోస్తారు. ఒక ఇంటివాళ్లయితే మీలాగే ఒక గదిలో వేసి మూశారు. ఆ బెంగకి అది నాలుగు రోజులు మూతి ముట్టలేదు. పిల్లి, అందులోనూ ఒళ్లున్న పిల్లి, రెండు మూడు రోజులు వరసగా తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణం మీదకొస్తుంది. దాన్ని నా దగ్గరికి తెచ్చేసరికి చెవుల లోపలి చర్మం పసుపు తిరిగింది. ఎఫ్ఐవీ దాన్ని ఏమీ చెయ్యలేదు, మూసిన తలుపు చేసింది. బంటి ఈ మూడు రోజులూ సరిగా తింటున్నాడో లేదో మీరు రాయలేదు. తినకపోతే ఈ రోజే డాక్టరుకి చూపించండి.

ఇప్పుడా పేరు సంగతి. అమెరికాలో, కాలిఫోర్నియాలోని పెటలూమా అనే చోట ఎన్నో పిల్లుల్ని ఒకేచోట సాకుతుంటే, వాటిలో కొన్ని ఒకదాని వెనక ఒకటి చిక్కిపోయి జబ్బు పడసాగాయి. ల్యుకేమియా వైరస్ అనుకుంటే పరీక్షల్లో అది లేదు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో వాటి రక్తంలో కొత్త వైరస్‌ను పట్టుకున్నారు. మనుషుల్లో హెచ్ఐవీని కనుక్కుని అప్పటికి మూడేళ్లే అయింది. రెండూ లెంటివైరస్‌లనే ఒకే కుటుంబానివి కావడంతో పిల్లుల ఎయిడ్స్ అన్న పేరు జనం నోట్లో పడిపోయింది. లాటిన్‌లో లెంటస్ అంటే నెమ్మది అని అర్థం. మీరు పట్టుకోవాల్సింది ఆ "నెమ్మది" అన్న మాటని.

వైరస్ ఒంట్లోకి వచ్చిన కొన్ని వారాలకు కాస్త జ్వరం, మెడ దగ్గర, తొడల మధ్య లింఫ్ గ్రంథుల వాపు కనిపిస్తాయి. చాలా ఇళ్లలో ఆ దశ ఎవరి కంటా పడదు. తర్వాత ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. పిల్లి తింటుంది, ఆడుకుంటుంది, మీద పడి గారాలు పోతుంది. లోపల మాత్రం రోగనిరోధక వ్యవస్థను నడిపించే ఒక రకం తెల్ల రక్తకణాలు, టీ కణాలంటాం, కొద్దికొద్దిగా తరిగిపోతుంటాయి. కొన్ని పిల్లుల్లో ఆ తరుగుదల ఒక హద్దు దాటి, మామూలు పిల్లి ఇట్టే తట్టుకునే ఇన్ఫెక్షన్లు కూడా వదలకుండా పీడిస్తాయి. ఇంకొన్ని ఆ దశకు వెళ్లకుండానే ముసలివై, ముసలి పిల్లులకు వచ్చే మామూలు కిడ్నీ జబ్బుతోనే పోతాయి. బంటి వీటిలో ఏ దారిన వెళ్తాడన్నది చాలావరకు మీ ఇంటి మీద ఆధారపడి ఉంటుంది. అది ఎలాగో కాస్త ఆగి చెప్తాను.

అసలు ఇది వాడికి ఎలా వచ్చిందో, ఆ చెంప మీది గడ్డే చెబుతోంది. పిల్లి కోరపన్ను సూదిలా ఉంటుంది. కరిస్తే పైన పడేది చిన్న చిల్లే, అది ఒకటి రెండు రోజుల్లో పూడిపోతుంది. లోపల కండలోకి దిగిన క్రిములు అక్కడే చిక్కుకుని చీము పడతాయి. ఎఫ్ఐవీ దిగేదీ ఆ దారినే. లాలాజలంలోని వైరస్ పంటి మొనతో పాటు లోతుగా దిగాలి. అందుకే ఆపరేషన్ కాని, రాత్రుళ్లు తిరిగే, తగువులు పడే మగపిల్లుల్లోనే ఇది ఎక్కువ. తల్లి నుంచి పిల్లలకు రావడం అరుదు. నెల కిందటి కాటుతోనే వచ్చిందా, వీధిలో ఉన్న రోజుల్లోనే వచ్చిందా అన్నది ఇప్పుడు తేల్చలేం. తేల్చినా చేసే పని మారదు.

ఒకే గిన్నెలో తినడం, ఒకరినొకరు నాక్కోవడం, ఒకే లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాల తట్ట) వాడటం వల్ల ఇది అంటుకోవడం చాలా చాలా అరుదు. ఈ వైరస్ ఒంటి బయట ఎక్కువసేపు బతకదు, మామూలు సబ్బు నీళ్లకే చచ్చిపోతుంది. కాబట్టి చిట్టి విషయంలో మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇద్దరూ కొట్టుకుంటారా? కలిసే పడుకుంటారని మీరే రాశారు. ఇన్నాళ్లూ అలా ఉన్నవాళ్లను విడదీయడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. ఎఫ్ఐవీ ఉన్న పిల్లులూ లేని పిల్లులూ ఏళ్ల తరబడి కలిసి బతికిన ఒక ఇంటి షెల్టరును గమనించి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ ఒక్క పిల్లి నుంచి కూడా ఇంకొకదానికి సోకలేదు. అయితే ఒక మాట. మూడు రోజులు దూరంగా ఉండి వచ్చిన బంటి ఒంటి మీద ఆ గది వాసన ఉంటుంది, చిట్టి బుస్సుమనవచ్చు. ఒకే గుడ్డతో ఇద్దరి చెంపలూ మార్చి మార్చి రుద్ది, మీరు ఎదురుగా ఉన్నప్పుడే కలపండి. ఇక కొత్త పిల్లిని మాత్రం ఇంటికి తేవద్దు. పాతవాళ్లు సర్దుకుపోయినట్టు కొత్తది సర్దుకోదు, తగువు మొదలైతే పళ్లు దిగుతాయి.

చిట్టికి కూడా పరీక్ష చేయించండి. డాక్టరు గారు వాడిన కిట్ రక్తంలో రెండు విషయాలు చూస్తుంది. ఎఫ్ఐవీకి ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలు, ల్యుకేమియా వైరస్ తాలూకు ప్రోటీన్. ఎఫ్ఐవీ యాంటీబాడీలు తయారవడానికి చాలా పిల్లుల్లో రెండు నెలల దాకా పడుతుంది. అందువల్ల ఇవాళ నెగెటివ్ వచ్చినా, 60 రోజులు దాటాక ఇంకోసారి చూడాలి. బంటికి కూడా పాజిటివ్ వచ్చిందని ఊరుకోకుండా, వేరే కంపెనీ కిట్‌తోనో, ల్యాబ్‌లో పీసీఆర్‌తోనో నిర్ధారించుకోవడం మంచిది. వాడికి ఇంతకుముందు ఎవరైనా ఎఫ్ఐవీ టీకా వేయించి ఉంటే పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించే వీలుంది. ఆ టీకా 2002లో అమెరికాలో వచ్చింది, తర్వాత అక్కడ ఆపేశారు. వీధిలోంచి వచ్చిన పిల్లికి అది పడి ఉంటుందని నేననుకోను. ఈ జవాబు చదివే వేరేవాళ్ల కోసం ఇంకొకటి: ఎఫ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన పసికూనలకు పాజిటివ్ వస్తే దిగులు పడకండి. అవి తల్లి పాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు కావచ్చు. ఆరు నెలలు నిండాక మళ్లీ చూడాలి, చాలా కూనలు అప్పటికి నెగెటివ్ అయిపోతాయి.

ల్యుకేమియా వైరస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. దీన్ని 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం కనుక్కుంది. ఎఫ్ఐవీ తగువులాడే పిల్లుల జబ్బయితే ఇది స్నేహంగా ఉండే పిల్లుల జబ్బు. నాక్కోవడం, ఒకే గిన్నె, తల్లి పాలు, ఇవన్నీ దీనికి దారులే. చిన్న వయసు పిల్లులను ఎక్కువగా పట్టుకుంటుంది. కొన్ని దాన్ని పూర్తిగా తరిమేస్తాయి, కొన్నింటిలో అది ఎముక మజ్జలో నక్కి ఉంటుంది. అణగకుండా ముదిరిన పిల్లుల్లో రక్తహీనత, లింఫోమా అనే క్యాన్సర్ వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం మూడేళ్లలోపే చనిపోతాయి. దీనికి మంచి టీకా ఉంది, సోకకముందు వేయిస్తేనే పనిచేస్తుంది. బంటికి ఈ వైరస్ లేదని తేలడం మీకు పెద్ద ఊరట. రెండో పరీక్షలో కూడా అదే వస్తే సంతోషమే.

ఇక మీ బాబు. వాడి విషయంలో భయపడాల్సింది ఎఫ్ఐవీకి కాదు, ఏ పిల్లి కాటుకైనా. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నోట్లో కూడా పాస్చురెల్లా లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. కరిచినా లోతుగా రక్కినా పావుగంట సేపు సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు డాక్టరుకి చూపించాలి. రేబిస్ సంగతి కూడా అక్కడే అడగాలి. బయట తిరిగే పిల్లి కాబట్టి బంటికి రేబిస్ టీకా బాకీ ఉంటే ముందు అది తీర్చండి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు వాడిని కదపొద్దని బాబుకు నేర్పండి. నాలుగేళ్ల పిల్లలకు ఇవి బాగానే అర్థమవుతాయి.

మీ వదిన గారు జాగ్రత్త పడాల్సింది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. ఇది ఎఫ్ఐవీ లేని పిల్లి నుంచి కూడా వస్తుంది. మొదటిసారి సోకిన పిల్లి కొన్ని వారాల పాటు మలంలో దీని గుడ్ల లాంటివాటిని వదులుతుంది. అవి బయటపడిన వెంటనే అంటుకోవు, ముదరడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అంటే లిట్టర్ ట్రేను రోజూ శుభ్రం చేస్తే ఆ దారి దాదాపుగా మూసుకుపోయినట్టే. ఆ పని ఆవిడ కాకుండా ఇంకెవరైనా చెయ్యండి. ఆవిడ మట్టి పని చేస్తే చేతులకు తొడుగులు వేసుకోవాలి, మాంసం బాగా ఉడికించి తినాలి, కూరగాయలు కడుక్కోవాలి. నిజానికి మనుషులకు ఇది పిల్లిని ముట్టుకోవడం కంటే సరిగా ఉడకని మాంసం నుంచే ఎక్కువగా వస్తుంది. బంటిని ఒళ్లో కూచోబెట్టుకోవచ్చు, తర్వాత చేతులు కడుక్కుంటే సరి.

ఇందాక ఆపిన మాటకొస్తాను. ఎఫ్ఐవీ పిల్లిని కాపాడేది మందు కంటే ఎక్కువగా, దాన్ని రోజూ చూసే కన్ను. మామూలు పిల్లిలో వారం ఆగి చూద్దాంలే అనుకునే చిన్న నలత ఈ పిల్లిలో వారం తిరిగేసరికి ముదిరి కూచుంటుంది. పైగా పిల్లి తన బాధ చెప్పుకోదు, దాచుకుంటుంది.

ముఖ్యంగా నోరు చూడండి. ఎఫ్ఐవీ పిల్లులను ఎక్కువగా బాధపెట్టేది చిగుళ్ల వాపు, నోటి పూత. వాడు మీ ఒళ్లో మగతగా ఉన్నప్పుడు పై పెదవిని బొటనవేలితో మెల్లగా పైకెత్తండి. చిగురు లేత గులాబీ రంగులో ఉండాలి. పన్ను మొదట్లో ఎర్రటి గీత గీసినట్టుంటే అది వాపు మొదలు. తినేటప్పుడు కూడా గమనించండి. నోరు నొప్పి ఉన్న పిల్లికి ఆకలి చావదు. గిన్నె దగ్గరికి పరుగెత్తుకొస్తుంది, ఒక ముద్ద నోట పెట్టి ఉలిక్కిపడి వెనక్కి జరుగుతుంది. తల ఒక పక్కకు వంచి నమలడం, నోట్లోంచి మెతుకులు జారడం, సొంగ కారడం, ఒళ్లు నాక్కోవడం మానేసి బొచ్చు అట్టలు కట్టడం కనిపిస్తాయి. ఇవి చూసి "వాడికి తిండి నచ్చడం లేదు" అనుకుని తిండి మార్చే ఇళ్లు నేను చాలా చూశాను. ముదిరితే పళ్లు తీయించాల్సి వస్తుంది. వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, పళ్లు లేని పిల్లి హాయిగా తింటుంది. తీసిన నెలకే రెట్టింపు తిని ఒళ్లు చేసిన పిల్లులున్నాయి.

తర్వాత బరువు. మీరు బరువు యంత్రం మీద ఒక్కరూ నిలబడి చూసుకుని, వాడిని ఎత్తుకుని మళ్లీ చూస్తే తేడా తెలుస్తుంది. పసిపిల్లల తూకం యంత్రం దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే మనకు కావాల్సింది గ్రాముల లెక్క. ఐదు కిలోల పిల్లి పావుకిలో తగ్గితే, 65 కిలోల మనిషి మూడు కిలోలకు పైగా తగ్గినట్టు. నెలకు రెండుసార్లు చూసి క్యాలెండరు మీద రాసి పెట్టండి. బొచ్చు దట్టంగా ఉన్నవాడిలో చిక్కడం కంటికి ఆనదు. వీపు మీద చెయ్యి వేసి నిమిరితే వెన్నుపూసలు చేతికి తగలడం మొదలైందంటే అప్పటికే ఆలస్యం చేసినట్టు.

ఒళ్లు వేడిగా ఉందని తోస్తే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పిల్లి ఒళ్లు మనకంటే వెచ్చగా ఉండటం సహజం, 100 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. జ్వరమో కాదో థర్మామీటరుతో డాక్టరు చూడాలి. దయచేసి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర వెయ్యకండి. సగం వెయ్యకండి, పావు కూడా వెయ్యకండి. పిల్లి కాలేయం దాన్ని విరిచెయ్యలేదు, ఒక్క మాత్రతో ప్రాణం పోతుంది. ప్రేమతో ఆ మాత్ర వేసి, పిల్లిని చేతుల్లో పోగొట్టుకుని నా ముందు ఏడ్చినవాళ్లున్నారు.

వైరస్‌ను ఒంట్లోంచి తీసేసే మందు లేదు. హెచ్ఐవీకి వాడే జిడోవుడిన్‌ను కొన్ని పిల్లుల్లో, ముఖ్యంగా నోటి పూత బాగా ఉన్నప్పుడు, నరాల లక్షణాలు కనిపించినప్పుడు వాడతారు. అది రక్తహీనత తెస్తుంది కాబట్టి తరచూ రక్తపరీక్షలు చేస్తూనే వాడాలి. బంటికి ఇప్పుడు ఏ లక్షణమూ లేదు, దాని అవసరం లేదు. రోగనిరోధక శక్తి పెంచుతామని అమ్మే పొడుల మీద డబ్బు తగలేయకండి, ఆ డబ్బు ఆరు నెలలకోసారి చేయించే పరీక్షకు దాచుకోండి. గజ్జి, తామర లాంటిది వస్తే, వాడికి ఎఫ్ఐవీ ఉందని ముందే చెప్పండి. ఫంగస్‌కు వాడే గ్రిసియోఫల్విన్ ఎఫ్ఐవీ పిల్లుల్లో ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, దానికి బదులు వేరే మందులున్నాయి. స్టెరాయిడ్లు కూడా తప్పనిసరైతేనే వాడాలి.

పచ్చి మాంసం, పచ్చి గుడ్డు పెట్టకండి. పేలకూ పురుగులకూ మందు తప్పకుండా వేయించండి. గాయం పూర్తిగా మాని, డాక్టరు సరేనన్నాక వాడికి ఆపరేషన్ చేయించండి. దాంతో తగువుల గోల చాలావరకు తగ్గుతుంది. ఇక బయటికి పంపకండి. ఇది వాడి కోసం, వీధిలోని మిగతా పిల్లుల కోసం కూడా. రాత్రి తిరగడం అలవాటైనవాడు మొదటి రెండు మూడు వారాలు తలుపు దగ్గర గోల చేస్తాడు. మీరు ఒక్కసారి జాలిపడి తలుపు తీశారంటే, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని వాడు నేర్చుకుంటాడు. పొద్దు వాలే వేళ, తెల్లారుజామున పిల్లులకు వేట మీద మనసు పోతుంది. సరిగ్గా ఆ రెండు సమయాల్లో పావుగంట చొప్పున తాడుతో పరుగెత్తించి, అలిసిపోయాక తిండి పెట్టండి. తిని, ఒళ్లు నాక్కుని పడుకుంటాడు. కిటికీకి గట్టి వల కొట్టించి, దాని పక్కన వాడు ఎక్కి కూచునేలా ఎత్తుగా ఒక చోటు ఏర్పాటు చెయ్యండి. లిట్టర్ ట్రేలు రెండు పిల్లులకు మూడు పెట్టండి, వాటి మధ్య తగువులు సగం అక్కడే మొదలవుతాయి.

అత్తగారి మాటకు కూడా జవాబు చెప్పాలి. ఆవిడకు వాడి మీద ద్వేషం ఉందని నేననుకోను, మనవడి గురించి భయపడుతున్నారు. అమెరికాలోని పిల్లుల వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పరీక్షలో పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో ఏ పిల్లి ప్రాణమూ తీయకూడదని స్పష్టంగా రాశారు. నేనూ ఆ మాటే అంటాను. బంటి ఈ రోజు రోగి కాదు. పుండు మానుతున్న ఐదేళ్ల మగపిల్లి. ఏళ్లు గడిచాక, ఏ మందుకూ లొంగని బాధ వాడికి వస్తే అప్పుడు ఆ మాట మాట్లాడుకోవచ్చు, అప్పుడు తప్పు కూడా కాదు. వీలైతే ఈసారి డాక్టరు దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లండి. బాబుకు అంటుకోదన్న మాట నా రాతలో చదవడం కంటే డాక్టరు నోట వింటే ఆవిడకు ధైర్యంగా ఉంటుంది.

చిట్టి పరీక్ష ఫలితం వచ్చాక నాకు రాయండి. ఎఫ్ఐవీ నెగెటివ్ వస్తే పైన చెప్పినట్టే నడుచుకోండి, పాజిటివ్ వచ్చినా అలాగే నడుచుకోండి. ల్యుకేమియా దగ్గర గీత కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఆగొద్దు. ఆ రోజు నుంచే ఇద్దరికీ గిన్నెలు, గదులు వేరు చేసి, నిర్ధారణ పరీక్షకు రక్తం పంపమని డాక్టరును అడగండి. అప్పుడు కూడా గదిలో ఉన్నదాని దగ్గర రోజూ ఎవరో ఒకరు కాసేపు కూచోండి.